ఎవరూ బుక్ చేయని కాటేజీ

హోటల్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడ కలిసినా నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మీ రిసార్ట్‌లో దయ్యం ఉండేదట కదా సార్, నిజమేనా?" లేదంటే నిరాశపడతారు. ఉందంటే నవ్వుతారు. రెండూ చూసి విసుగొచ్చి, ఈసారి జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను. చదివాక ఉందో లేదో మీరే తేల్చుకోండి.

నేను పుట్టింది గోదావరి వైపు. పని వెతుక్కుంటూ జహీరాబాద్ వచ్చి ఇక్కడే పాతుకుపోయాను. బస్టాండ్ దగ్గర లాడ్జీలో మొదలుపెట్టి, ముంబై హైవే మీద నాలుగైదు హోటళ్లు తిరిగి, చివరికి ఝరాసంగం వైపు పోయే దారిలో కొత్తగా కట్టిన రిసార్ట్‌లో ఫ్రంట్ ఆఫీసు ఇన్‌చార్జిగా కుదురుకున్నాను. ఒక పక్క చెరుకు, ఇంకో పక్క అల్లం చేలు, మధ్యలో కాటేజీలు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి పని మీద వచ్చే ఇంజనీర్లు, శనివారం సాయంత్రం హైదరాబాద్ నుంచి దిగే కుటుంబాలు, అప్పుడప్పుడు బీదర్ వాళ్లు, లాతూర్ వాళ్లు. వీళ్లే మా గెస్టులు.

రిసెప్షన్‌లో టేకు చెక్కతో చేసిన పొడవాటి కౌంటర్ ఉండేది. దాని వెనక నాతోపాటు ఒక అమ్మాయి కూర్చునేది. ఝరాసంగం దగ్గర పల్లెటూరు. డిగ్రీ చదివింది. పెళ్లయ్యాక ఉద్యోగానికి వచ్చింది. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. చేరిన కొత్తలో గెస్టు మొహం చూడకుండా చెప్పులు చూస్తూ మాట్లాడేది. నేనే నేర్పాను. ముందు నమస్కారం చెప్పాలి, తరువాత స్వాగతం అనాలి. ఆ పైన ఒక్క ఊపిరి ఆగాలి. గెస్టు చేతిలో సంచి కింద పెట్టడానికి ఆ ఊపిరంత వ్యవధి కావాలి. సంచి కింద పెట్టాకే, "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడగాలి. సంచి చేతిలో ఉన్న మనిషి ఏ ప్రశ్నకూ నిజం చెప్పడు. నేను నేర్చుకున్న విద్యంతా అంతే.

కొద్ది నెలల్లోనే ఆమె నన్ను మించిపోయింది. బీదర్ వాళ్లొస్తే కన్నడం, లాతూర్ వాళ్లొస్తే మరాఠీ, మిగతావాళ్లతో హిందీ. ఈ సరిహద్దు ఊళ్ల పిల్లలకు భాషలు ఎవరూ నేర్పక్కర్లేదు. కొందరు గెస్టులు రెండోసారి వచ్చినప్పుడు నన్ను దాటి ఆమె వైపే నడిచేవాళ్లు. నాకు కాస్త గర్వంగానూ, కాస్త మంటగానూ ఉండేది.

తరువాత కాంటాక్ట్‌లెస్ చెక్-ఇన్ వచ్చింది.

అప్పటి మా మేనేజరు కుర్రవాడు, హైదరాబాద్ మనిషి. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "గెస్టు ప్రయాణం చేసి అలిసిపోయి వస్తాడు సార్. మళ్లీ ఇక్కడ నిలబెట్టి ఆధార్ కాపీలు, సంతకాలు ఎందుకు?" అన్నాడు. బుక్ చేసుకోగానే గెస్టు ఫోనుకు ఒక లింకు వెళుతుంది. అందులో గుర్తింపు కార్డు, తన ఫోటో పెట్టేస్తాడు. వచ్చాక నేరుగా కాటేజీ దగ్గరకు పోయి నిలబడితే, తలుపు పక్కనున్న కెమెరా మొహం చూసి తలుపు తీస్తుంది. లేదంటే ఫోను చూపించినా చాలు. మధ్యలో మనిషి అక్కర్లేదు.

ఆ పరికరాలు బిగించే కంపెనీ వాళ్లు ముందు అల్లం చేను వైపున్న ఆఖరి కాటేజీలో ట్రయల్ వేశారు. ట్రయల్‌కు ఎవరిదో ఒక మొహం కావాలి. ఎప్పుడూ ఎదురుగా ఉండేది ఆ అమ్మాయే కాబట్టి ఆమెనే నిలబెట్టారు. కళ్లజోడుతో, కళ్లజోడు లేకుండా, ముసుగు వేసి, కొంగు కప్పి, ఎండలో, నీడలో, రకరకాలుగా తీశారు. ఆమె నవ్వుతూ వచ్చి, "సార్, నా మొఖం మా ఆయన కంటె దానికే ఎక్కువ ఎరుకైంది" అంది.

ట్రయల్ బాగా జరిగింది. అన్ని కాటేజీలకూ ఇంకా మెరుగైన తాళాలు వచ్చాయి. ఆఖరి కాటేజీకి మాత్రం మొదట బిగించిన పాత తాళమే ఉండిపోయింది, ఎందుకంటే దాని వెనక గోడకు చెమ్మ పట్టడంతో గెస్టులకు ఇవ్వడం మానేశాం. తరువాత ఒకరోజు వడ్రంగులు వచ్చి టేకు కౌంటర్ విప్పేశారు. ఆ చోట ఒక పూలకుండీ, ఒక తెర పెట్టారు. డెస్కు మీద పనిచేసేవాళ్లను పంపేశారు. రిటైర్‌మెంట్ దగ్గరపడింది గనుకా, ఫోను ఎత్తడానికి ఒక ముసలి గొంతు ఉండాలి గనుకా నన్ను ఉంచారు. ఆ అమ్మాయి ఏడవలేదు. తన వస్తువులు సర్దుకుని, "పోయొస్త సార్" అని వెళ్లింది.

డెస్కు లేని హోటల్ ఎలా ఉంటుందో మీకు చెప్పినా తెలియదు, మీరు పుట్టిందే అందులో. నాకు మాత్రం వింతగా ఉండేది. కార్లు వస్తాయి. కంకర మీద సూట్‌కేసు చక్రాలు గరగరమంటాయి. దూరంగా ఏదో తలుపు తనంతట తనే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. తెల్లారి మళ్లీ చక్రాల చప్పుడు. కొన్ని రోజులు నాకు గెస్టుల వీపులు తప్ప మొహాలే కనిపించేవి కావు. హోటల్ నిండా మనుషులున్నారని తెర చెప్పేది. వరండాలో కూర్చున్న నాకు మాత్రం పిచ్చుకల అరుపు తప్ప ఏమీ వినిపించేది కాదు.

ఆ ఎండాకాలంలోనే మొదలైంది.

ముందు హౌస్‌కీపింగ్ చూసే ఆమె వచ్చింది. ధైర్యస్థురాలు, మాట పదును. "సార్, ఆఖరి కాటేజీ ఎవరికన్న ఇచ్చిన్రా?" అని అడిగింది.

"లేదే. ఎందుకు?"

"బాత్రూంల నేల తడిగున్నది. మంచం మీద దుప్పటి సాపుగ ఉంది, గని నేను వేసినట్టు లేదు. ఎవరో కూసొని లేసి మల్ల సదిరిన్రు. పొగరు చూడు, నాకంటె మంచిగ సదిరిన్రు."

కుళాయి కారుతోందేమో అనుకున్నాను. ప్లంబరును పిలిచి ఆ కాటేజీకి పోయే నీళ్ల వాల్వు కట్టేయించాం. మంచం సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

తరువాత తోట చూసే పెద్దాయన. ఆయన పొలం అమ్మితేనే ఆ రిసార్ట్ కట్టారు. అమ్మిన భూమిలోనే చెట్లకు నీళ్లు పోస్తూ బతుకుతున్నాడు. మిట్టమధ్యాహ్నం, అన్నం తినే వేళ, నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో నీళ్ల పైపు అలాగే ఉంది, నీళ్లు కారిపోతున్నాయి.

"సార్, గా ఆఖరి దాంట్ల ఆడమనిషి మాట్లాడుతున్నది."

"అది తలుపు మాట్లాడుతుంది పెద్దాయనా. మొహం చూసి ఏదో అంటుంది కదా."

"తలుపు ఇంగ్లీషుల మాట్లాడతది సార్, నాకు తెల్వదా? ఇది తెలుగు. దండం బెట్టి, రండి రండి అంటున్నది. ఎవరు లేరు సార్. కిటికీలకెళ్లి చూసిన, పరదా ఉంది. పరదా వెనకాల నుంచి నన్నే పిలిసినట్టున్నది." ఆయన గొంతు తగ్గించాడు. "అక్కడ మోటబాయి ఉండె సార్. పూడ్చినం. మా మేనత్త అండ్ల పడ్డది, నా చిన్నప్పుడు."

ఆ సాయంత్రానికి ఆ మాట వంటగదికి చేరింది. మర్నాటి నుంచి ఆ వైపు ఒంటరిగా ఎవరూ పోలేదు. "నేను పోను సార్ గాడికి, ఏమన్న అనుకో" అని హౌస్‌కీపింగ్ ఆమె కూడా చెప్పేసింది. నేను పైకి నవ్వాను. కానీ సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు స్కూటరును ఆ వైపు కాకుండా ముందు గేటు నుంచి తిప్పడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

అసలు నన్ను కలవరపెట్టింది దయ్యం కథలు కాదు. ఒక పెద్దావిడ, నాందేడ్ నుంచి కొడుకు కుటుంబంతో వచ్చిన గెస్టు. వెళ్లిపోతూ వరండాలో నా దగ్గర ఆగింది. తన ఫోనులో చార్జింగ్ అయిపోయిందట. కొడుకు వాళ్లు ఈతకొలను దగ్గర ఉన్నారట. కొంగు కప్పుకుని ఉందని కెమెరా ఆమెను గుర్తుపట్టలేదు. ఎండలో తలుపు ముందు నిలబడి కళ్లు తిరుగుతుంటే ఒక అమ్మాయి వచ్చిందట. నీడకు తీసుకెళ్లి కూర్చోబెట్టి, మరాఠీలో మాట్లాడి, తన సీసాలో నీళ్లు తాగించి, ఈతకొలను వరకు నడిపించిందట.

"మీ రిసెప్షన్ అమ్మాయి చాలా మంచిది. ఆమెకు చెప్పండి" అంది పెద్దావిడ హిందీలో.

"రిసెప్షన్ లేదమ్మా ఇక్కడ" అన్నాను.

ఆవిడ నావైపు జాలిగా చూసింది, నాకే మతి తప్పిందన్నట్టు. "ఉంది కదా. మెరూన్ రంగు చీర. ఇక్కడ పేరు బిళ్ల" అని భుజం దగ్గర చూపించింది.

మెరూన్ చీర మా డెస్కు యూనిఫారం. డెస్కుతోపాటే దాన్నీ తీసేశాం. అప్పుడు హోటల్ మొత్తంలో ఆ చీర కట్టేవాళ్లు ఒక్కరూ లేరు. పెద్దావిడ కారెక్కి వెళ్లిపోయాక, అంత ఎండలో నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

ఈ మాటలన్నీ మేనేజరు చెవిన పడ్డాయి. ఆయనకు దయ్యాల మీద నమ్మకం లేదు, దొంగల మీద ఉంది. హైదరాబాద్ ఆఫీసులో కూర్చుని ఫోనులోనే అన్ని తలుపులూ చూడగలడు. ఒకరోజు మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"దొరికాడు సార్ మీ దయ్యం. ఆఖరి కాటేజీలో ఇప్పుడు ఎవరో ఉన్నారు. స్క్రీన్ మీద పచ్చ చుక్క కనిపిస్తోంది. పాత టెస్ట్ అకౌంటుతో తలుపు తీస్తున్నాడు. తాళం బిగించేశాను, లోపల్నుంచి కూడా రాదు. కరెంటు కూడా తీసేశాను. పోలీసులకు చెప్పాను, వస్తున్నారు. అప్పటిదాకా ఎవరూ దగ్గరకు పోవద్దు."

"ఎవరో చూశారా మీరు?"

"చూడక్కర్లేదు సార్. సిస్టమ్ చూపిస్తోంది కదా."

గంట దాటినా పోలీసులు రాలేదు. హైవే మీద చెరుకు లారీ తిరగబడి ట్రాఫిక్ ఆగిపోయిందని కబురొచ్చింది. మే నెల ఎండ. కాటేజీకి కిటికీలు తెరుచుకోని అద్దాలు, ఏసీ కోసం అలా కట్టారు. కరెంటు లేని ఆ గది ఎలా ఉంటుందో కాసేపు ఆలోచించాను. దొంగైనా మనిషే కదా అనిపించింది. లేచి నడిచాను. తోట పెద్దాయన గడ్డపార పట్టుకుని నా వెనకే వచ్చాడు, కాస్త దూరం ఉంచుకుని.

ఆ చోట గాలి ఆడటం లేదు. అల్లం చేలో ఆకు కదలడం లేదు. తలుపు ముందు నిలబడ్డాను. తలుపు తట్టాను. జవాబు లేదు. "ఎవరది లోపల?" అన్నాను. తలుపుకు చెవి ఆనించాను. చెక్క వేడికి చెంప చురుక్కుమంది.

అప్పుడు వినిపించింది. చాలా నెమ్మదిగా, ఎక్కడో లోతులోంచి వచ్చినట్టు.

"నమస్కారం సార్... స్వాగతం."

తరువాత ఏమీ లేదు. ఒక్క ఊపిరంతసేపు.

"ప్రయాణం బాగా జరిగిందా?"

నా వెనక పెద్దాయన "శివ శివ" అంటున్నాడు. నేను చెవి ఇంకా గట్టిగా ఆనించాను. దయ్యమని కాదు. ఆ ఊపిరి నాది. ఆ ఆగడం ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో ఈ లోకంలో నేను నేర్పింది ఒక్కరికే.

మళ్లీ అదే మాట. ఈసారి తడబడింది. కొంత కన్నడం, కొంత మరాఠీ కలిసిపోయాయి. చివరికి తెలుగులో, బతిమాలుతున్నట్టు, "కూసోండ్రి... నీళ్లు తాగుండ్రి... జర నీళ్లు తాగుండ్రి" అంది. ఎవరో దాహంతో ఉన్నవాళ్లకు చెబుతున్నట్టు. దాహం ఎవరిదో అప్పుడు నాకు తెలిసింది. ఆ కాటేజీకి నీళ్లు కట్టేయించింది మేమే.

మేనేజరుకు ఫోన్ చేశాను. "తలుపు తీయండి. దొంగ కాదు, మన అమ్మాయి" అన్నాను. ఎవరని అడిగాడు. చెప్పాను. తరువాత, "నొక్కుతున్నాను సార్, రావడం లేదు. కరెంటు ఆన్ చేస్తున్నా... అదీ రావడం లేదు" అన్నాడు. గొంతులో హుషారు పోయింది. తరువాత తెలిసింది. తాళానికీ కరెంటుకూ కబురు అందించే పెట్టె ఆ గదిలోనే ఉంది. కరెంటు తీయడంతో అదీ ఆగిపోయింది. ఇక దానికి ఎవరి మాటా వినపడదు.

"అద్దం పగలగొట్టు పెద్దాయనా" అన్నాను.

ఆయన కదల్లేదు. "సార్, అది మనిషేనా?"

"మనిషే. నా మాట నమ్ము."

"మీద వడితే?"

"మీద పడితే పట్టుకుందాం. కొట్టు."

ఆయన కళ్లు మూసుకుని కొట్టాడు. రెండో దెబ్బకు అద్దం పగిలి రాలిపోయింది. లోపల్నుంచి వచ్చిన వేడి పొయ్యి మూత తీసినట్టు మొహాన తగిలింది. పరదా లాగేశాను.

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. మెరూన్ చీర, కుచ్చిళ్లు చెదరలేదు. జడ నున్నగా దువ్వి ఉంది. భుజానికి పేరు బిళ్ల. పక్కన ఖాళీ నీళ్ల సీసా. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. నా భుజం మీదుగా, నా వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అటు చూస్తోంది. రెండు చేతులూ మెల్లగా పైకి లేచి జోడించుకున్నాయి.

"నమస్కారం సార్" అంది.

నా ఉద్యోగంలో శవాలను చూశాను. నిప్పు అంటుకున్న వంటగదిని చూశాను. ఆ నమస్కారం అంత భయపెట్టింది ఇంకేదీ లేదు.

పెద్దాయనే ముందు దూకాడు. అంత భయపడ్డ మనిషి, చేతులు గాజుతో కోసుకుపోతున్నా ఆమెను పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి బయటకు అందించాడు. నీడలో పడుకోబెట్టి, తడిగుడ్డ కప్పి, నీళ్లు చుక్క చుక్కగా పెదాల మీద పోశాం. హౌస్‌కీపింగ్ ఆమె పరుగెత్తుకొచ్చి మొహం చూసి, "అయ్యో, మన పిల్లనే!" అని తల ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపటికి ఆమె కళ్లు నా మీద నిలిచాయి. అప్పుడు మాత్రం ఏడ్చింది.

కానిస్టేబుల్ బండి మీద వచ్చేసరికి ఆమెను రిసార్ట్ వ్యానులో ఎక్కిస్తున్నాం. "దొంగ ఎక్కడ?" అన్నాడు. మేనేజరు ఫోనులోనే ఉన్నాడు. ఆయన ఏమంటాడోనని నాకు భయంగా ఉంది. ఫోను కానిస్టేబుల్‌కు ఇచ్చాను. అవతల్నుంచి, "మా స్టాఫే సార్. సిస్టమ్ పొరపాటు" అని వినపడింది. ఆయన మీద నాకున్న గౌరవం ఆ ఒక్క మాటతో వచ్చిందే. తరువాత నాతో, "సార్, నాకు చుక్క మాత్రమే కనిపించింది. ఒట్టు" అన్నాడు. ఆ చుక్క చాలా రోజులు ఆయనను నిద్రపోనివ్వలేదని తరువాత విన్నాను.

జహీరాబాద్ దవాఖానాలో సెలైన్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరమ్మ అంది. సాయంత్రానికి ఆమె లేచి కూర్చుంది. ఇంటికి తీసుకెళుతుంటే దారిలో మెల్లగా చెప్పింది.

"ఇంట్ల చెప్పలే సార్. చెప్దామనే పోయిన ఆ రోజు. పోయేసరికి అత్తమ్మ వాకిట్ల కూసొని అందరికి చెప్తున్నది, మా కోడలు ఏసీల కుర్చీ మీద కూసుంటది, దొరసాని లెక్క మాట్లాడతది అని. మొదట్ల నన్ను పోవద్దన్నది ఆమెనే. ఇగ ఎట్ల చెప్త? నోరు రాలే."

"మరి జీతం?"

"ఆఖరిల ఇచ్చిన పైసలల్లకెళ్లి నెల నెల ఇంట్ల ఇచ్చిన. అవి అయిపోయినంక సూద్దాం అనుకున్న." కొంగు సర్దుకుంది. "పొద్దుగాల చీర కట్టుకొని ఆటో ఎక్కిన సార్. దిగినంక యాడికి పోవాలె? కాళ్లు ఇటే తెచ్చినయి. గేటు కాడ కొత్త సెక్యూరిటాయన నువ్వెవరన్నడు. వెనకకెళ్లి, అల్లం చేన్లకెళ్లి వచ్చిన. ఊకెనే ఆ తలుపు ముంగట నిలబడ్డ. పేరు గూడ చెప్పలే. తెరుసుకున్నది." ఆమె కిటికీలోంచి బయటకు చూసింది. "అందరు మర్చిపోయిన్రు. అదొక్కటే మర్వలే."

ఆ పెద్దావిడ సంగతి అడిగాను.

"ఎండల పడిపోతుంటె ఎట్ల చూసుకుంట ఉంట సార్?"

"లోపల ఎవరితో మాట్లాడేదానివి?"

"ఎవరితోటి లేదు. మాటలు మర్చిపోతనేమో అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. రేపు ఎక్కడన్న పని దొరికితె కావాలె గద." ఆమె గొంతు తగ్గింది. "ఇయ్యాల తలుపు రాకుంటె పిలుద్దామనుకున్న, గని దొంగ అంటరని భయమైంది. గప్పుడు మాత్రం వచ్చిన్రు సార్. గది నిండ వచ్చిన్రు గెస్టులు. మొగోళ్లు, ఆడోళ్లు, పిల్లలు. నేను చెప్తనే ఉన్న, ఎవరు పలుకరు. ఒక్కరు గూడ చేతిల సంచి కింద పెట్టలే."

వ్యాను డ్రైవరు అద్దంలోంచి నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

వాళ్ల ఇల్లు ఊరి మొదట్లోనే. అత్తగారు వాకిట్లో కందులు చెరుగుతోంది. వ్యాను చూసి లేచింది. కోడలు మొహం చూసి చేట కింద పెట్టేసింది. ఆమెను లోపల పడుకోబెట్టి, మంచినీళ్లు తాగించి, నా దగ్గరకు వచ్చి నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఉద్యోగంలో ఎన్ని చెడ్డ కబుర్లు చెప్పి ఉంటానో. అయినా దీనికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"అమ్మా, మీ కోడలి ఉద్యోగం..." అన్నాను.

"పోయింది. ఎరికే సారూ" అంది ఆమె.

లోపల మంచం కిర్రుమంది.

"ఒకపాలి సద్ది గిన్నె మర్చిపోయి పోయింది. ఆకలికుంటదని ఆటో ఎక్కి పట్టుకొచ్చిన. గేటుకాడి పిలగాడు, డెస్కు మీద ఇప్పుడు ఎవ్వరు లేరు, అందర్ని ఎప్పుడో తీసేసిన్రు అన్నడు. గిన్నె పట్టుకొని మల్ల ఇంటికొచ్చిన."

"మరి అడగలేదా, రోజూ ఎక్కడికి పోతున్నావని?"

"అడుగుతె అబద్దం చెప్పాలె గద సారూ దానికి? ఎందుకు చెప్పిచ్చుడు?" ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది. "పొద్దుగాల చీర కట్టుకొని, అద్దంల చూసుకొని, బయటికి పోతుంటె మొఖంల జర కళ ఉంటుండె. నాకు తెలుసని తెలిస్తె గది గూడ పోతదనుకున్న. రోజు సద్ది గట్టిన. సాయంత్రం ఖాళీ గిన్నె వస్తుండె. తిన్నది, మంచిగున్నది, ఎక్కడనో ఒక కాడ నీడపట్టున ఉన్నది అనుకున్న." ఆమె కింద పెట్టిన చేట చేతిలోకి తీసుకుంది. "గిట్లయితదనుకోలే."

కోడలు గడప దగ్గరకు వచ్చి నిలబడింది, గోడ పట్టుకుని. అత్త వెనక్కి తిరిగి చూసింది. కాసేపటికి అత్త, "లేసి వచ్చినవేందే, పో, పండుకో. జొన్న గటక చేస్త" అంది. కోడలు కదల్లేదు. అత్తే వెళ్లి భుజం పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది. నేను వాకిట్లో ఒంటరిగా కాసేపు నిలబడి, చెప్పకుండానే వచ్చేశాను.

ఆ అమ్మాయి ఇప్పుడు తనకు సెలైన్ ఎక్కించిన ఆ దవాఖానాలోనే ముందు కౌంటర్‌లో కూర్చుంటోంది. అక్కడికి వచ్చేవాళ్లకు ముందు ఒక మనిషి మొహం కనపడాలని ఆ డాక్టరమ్మ పట్టుబట్టి పెట్టుకుంది. ఆఖరి కాటేజీని మేనేజరు పడగొట్టించాడు. తోట పెద్దాయన ఆ చోట గన్నేరు నాటాడు. ఆయన ఇప్పటికీ అది తన మేనత్తేనని, ఆ పిల్లను కాపాడమని పిలిచిందని చెబుతాడు. నేను వాదించను. ఆ మధ్యాహ్నం నన్ను కుర్చీలోంచి లేపి అటు నడిపించింది ఏమిటో నాకూ తెలియదు.

నేను రిటైరయ్యాక, మొన్నామధ్య నా భార్యతో కలిసి ఒక ఊరు వెళ్లి కొత్త హోటల్లో దిగాను. డెస్కు లేదు, మనిషి లేడు. ఫోను చూపించగానే గది తలుపు తెరుచుకుంది. లోపల చల్లగా, చీకటిగా, ఎవరో ఇప్పుడే సర్దిపెట్టినట్టు ఉంది. నేను గడపలోనే ఆగి, "ఎవరైనా ఉన్నారా?" అని పిలిచాను.

నా భార్య పకపకా నవ్వింది. "మీ చాదస్తం ఇక పోదు" అంది.

నేను లోపలికి అడుగు పెట్టలేదు. ఇంకాసేపు అలాగే నిలబడ్డాను. మెల్లగా తనూ నవ్వు ఆపి, నా పక్కకు వచ్చి చెవి ఒగ్గింది.

సంచులు ఇంకా మా చేతుల్లోనే ఉన్నాయి.